కార్బన్ ప్లేట్ షూ కొంటే హాఫ్ మారథాన్‌లో 5 నిమిషాలు తగ్గుతాయా?

మీరు అడిగింది ఇదీ: హాఫ్ మారథాన్, అంటే 21 కిలోమీటర్లు, 2 గంటల 5 నిమిషాల్లో పూర్తి చేస్తున్నారు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి 2 గంటల లోపు రావాలని పట్టుదల. మీ గ్రూపులో సగం మంది కార్బన్ ప్లేట్ షూలు కొనేశారు. 20 వేలు దాటే ఆ షూ కొంటే ఆ 5 నిమిషాలు తగ్గుతాయా, లేక ఇదంతా కంపెనీల ప్రచారమేనా?

ముందు సూటిగా చెప్తాను. సోల్ లోపల కార్బన్ పలక ఉండే ఆ షూలు నిజంగానే పనిచేస్తాయి, అందులో నాకు సందేహం లేదు. కానీ మీ వేగంలో పరుగెత్తేవాళ్లకి వాటి వల్ల ఒకటి, ఒకటిన్నర నిమిషం కలిసి రావచ్చు, అంతే. 5 నిమిషాలు రావు. నేను చాలా ఏళ్లుగా పరుగెత్తుతున్నాను, వారాంతాల్లో కొత్తవాళ్లతో ట్రైనింగ్ కూడా చేయిస్తుంటాను. ఇంత ఖరీదైన వస్తువు గురించి ఎవరైనా అడిగితే గాలివాటంగా జవాబు చెప్పడం నాకు నచ్చదు. అందుకే కొంచెం పొడుగైనా వివరంగా రాస్తున్నాను.

కథ 2016లో మొదలైంది. రియో ఒలింపిక్స్ పురుషుల మారథాన్‌లో పతకాలు గెలిచిన ముగ్గురూ, అంటే ఎలియుడ్ కిప్చోగే, ఫెయిసా లిలేసా, గేలెన్ రప్, అప్పటికింకా దుకాణాల్లోకి రాని నైకీ నమూనా షూలు వేసుకుని పరుగెత్తారు. ఈ సంగతి బయటి ప్రపంచానికి తర్వాతే తెలిసింది. మరుసటి ఏడు అదే రకం షూ వేపర్‌ఫ్లై 4 పర్సెంట్ పేరుతో అమ్మకానికి వచ్చింది. ఆ పేరులో ఉన్న 4 శాతాన్ని చూసి చాలామంది తమ టైమింగ్ 4 శాతం తగ్గుతుందని లెక్క వేసుకున్నారు. 2 గంటల 5 నిమిషాల్లో 4 శాతం అంటే సరిగ్గా 5 నిమిషాలు. మీ గ్రూపులో తిరుగుతున్న లెక్క కూడా ఇక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

ఆ అంకె అమెరికాలోని బౌల్డర్‌లో, కొలరాడో విశ్వవిద్యాలయంలో వౌటర్ హూగ్‌కామర్, రోజర్ క్రామ్‌ల బృందం చేసిన పరీక్షలో వచ్చింది. 10 కిలోమీటర్లని 31, 32 నిమిషాల లోపు లాగించగల 18 మందిని తీసుకున్నారు. ముక్కుకి క్లిప్పు, నోట్లో గొట్టం పెట్టి ట్రెడ్‌మిల్ మీద గంటకు 14, 16, 18 కిలోమీటర్ల వేగంతో అయిదేసి నిమిషాలు పరుగెత్తించారు. ప్రతిసారీ షూ మార్చి, పీల్చిన ఆక్సిజన్, వదిలిన కార్బన్ డయాక్సైడ్ కొలిచారు. షూ తేలిక కాబట్టే లాభం వచ్చిందని ఎవరూ అనకుండా, తేలికగా ఉన్న జతలకి సీసం గుళికలు చేర్చి అన్నిటి బరువూ సమానం చేశారు. అప్పట్లో పేరున్న రెండు రేసింగ్ షూలతో పోలిస్తే కొత్త నమూనాలో శరీరం ఖర్చు పెట్టే శక్తి సగటున 4 శాతం తగ్గింది. మూడు వేగాల్లోనూ ఇదే ఫలితం.

ఈ పరీక్షకి డబ్బు నైకీయే ఇచ్చింది, రాసినవాళ్లలో కంపెనీ ఉద్యోగులు కూడా ఉన్నారు. అనుమానం రావడం సహజం, రావాలి కూడా. కానీ ఆ తర్వాత న్యూజిలాండ్‌లోనూ, అమెరికాలో మరోచోటా వేరే ల్యాబులు కొలిచినప్పుడు కూడా సుమారు 2 నుంచి 4 శాతం మధ్యే వచ్చింది. ఒక్క కంపెనీ మాట మీద నిలబడ్డ విషయం కాదు కాబట్టే నేను నమ్ముతున్నాను.

ఇక్కడ గమనించాల్సింది, వాళ్లు కొలిచింది టైమింగ్‌ని కాదు, ఖర్చుని. ఒకే వేగంలో పోవడానికి ఎంత ఆక్సిజన్ తగలబెడుతున్నాం అన్నది. దీన్నే రన్నింగ్ ఎకానమీ అంటారు. బండి మైలేజీ లాంటిదే అనుకోండి: లీటరుకు 4 శాతం ఎక్కువ దూరం వచ్చినంత మాత్రాన బండి టాప్ స్పీడ్ 4 శాతం పెరగదు. వేగం పెరిగే కొద్దీ గాలి ఎదురు తోస్తుంది, ఆక్సిజన్ ఖర్చు కూడా వేగం కంటే ఎక్కువగా పెరుగుతుంది. అదే బృందం 2019లో ఈ లెక్క కూడా వేసి చూపించింది. మారథాన్‌ని 2 గంటల చిల్లరలో ముగించేవాళ్లకి 4 శాతం శక్తి ఆదా అయితే వేగంలో కలిసొచ్చేది అందులో సుమారు మూడింట రెండు వంతులే. గంటకు 11 కిలోమీటర్ల కంటే నెమ్మదిగా పోయేవాళ్లకి ఈ నష్టం ఉండదు, ఆదా అయినంతా దాదాపు వేగంగా మారుతుంది. ఈ మాట విని సంతోషించకండి, ఎందుకంటే మన వేగంలో ఆ ఆదాయే తక్కువ. దాని దగ్గరికి వస్తాను.

అసలు షూ ఏం చేస్తోంది? చాలామంది కార్బన్ ప్లేట్ స్ప్రింగులాగా ముందుకి నెడుతుందని అనుకుంటారు. పేరు కూడా కార్బన్ షూ అనే పడిపోయింది. కానీ అసలు పని చేసేది ఫోమ్. దశాబ్దాల పాటు రన్నింగ్ షూల మధ్య సోల్ ఈవీఏ అనే ఫోమ్‌తో చేసేవారు. వేపర్‌ఫ్లైలో పెబా అనే వేరే పదార్థంతో చేసిన ఫోమ్ వాడారు. ఇది బాగా తేలిక, బాగా మెత్తన, అయినా నొక్కితే నొక్కినంతా వెంటనే తిరిగి లేస్తుంది. బౌల్డర్ పరీక్షలో యంత్రంతో నొక్కి చూస్తే, పెట్టిన శక్తిలో 87 శాతం తిరిగి ఇచ్చింది. పోటీ షూల్లో ఒకటి 76 శాతం, ఇంకోటి 66 శాతం ఇచ్చాయి. పైగా అది దాదాపు రెట్టింపు లోతుకి కుంగుతుంది కాబట్టి దాచుకునే శక్తి కూడా ఎక్కువ. ఏ షూ అయినా మనం పెట్టిన దానికంటే ఎక్కువ ఇవ్వదు. మన అడుగు పడినప్పుడు వృథాగా పోయేదాంట్లో కొంత మిగులుస్తుంది, అంతే. ఆ మిగులు అడుగుకి చాలా చిన్నదే, కానీ హాఫ్ మారథాన్‌లో మనం వేసే అడుగులు ఇరవై వేలకి పైనే.

మీ గ్రూపులో ఎవరి దగ్గరైనా ఆ షూ ఉంటే చేతిలోకి తీసుకుని మడమ దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. వేలు లోపలికి దిగుతుంది, తీసీ తీయగానే గుంట కనిపించకుండా పోతుంది. మీ రోజువారీ షూని అలాగే నొక్కితే అంత దిగదు, దిగినా నింపాదిగా లేస్తుంది. తర్వాత రెండు చేతులతో ముందు భాగాన్ని వంచడానికి ప్రయత్నించండి. వంగదు. ఆ బిగువు ప్లేట్‌ది.

మరి ప్లేట్ దేనికి? దీనికీ ఒక చక్కటి పరీక్ష ఉంది. హూగ్‌కామర్, లారా హీలీ కలిసి వేపర్‌ఫ్లైని తీసుకుని ముందు భాగంలో ప్లేట్ తెగేలా అడ్డంగా 6 కోతలు కోశారు. షూ మామూలుగా వంగడం మొదలుపెట్టింది. ఆ కోసిన షూతో, కోయని షూతో పరుగెత్తించి చూస్తే శక్తి ఖర్చులో తేడా అర శాతం చుట్టూ మాత్రమే వచ్చింది. అది లెక్కలోకి తీసుకోదగ్గ తేడా కాదని తేల్చారు. అంత మెత్తటి, అంత ఎత్తైన ఫోమ్ అటూ ఇటూ ఊగిపోకుండా పట్టి ఉంచడంలో, బొటనవేలి కీలు దగ్గర పోయే శక్తిని కొంత తగ్గించడంలో ప్లేట్‌కి పాత్ర ఉండొచ్చు. కానీ వేగానికి మూలం ప్లేట్ అని అనుకోవడం పొరపాటు. ఇది మీకు డబ్బు లెక్కలో ఉపయోగపడే విషయం: ఏ షూలోనైనా కార్బన్ పలక దూర్చి, కింద పాత రకం ఫోమ్ పెట్టి అమ్మితే మీకు బిగువు వస్తుంది, వేగం రాదు. ఇలా కొత్త ఫోమ్, ప్లేట్ కలిపి సూపర్ షూలుగా అమ్ముడయ్యే వేర్వేరు కంపెనీల జతల్ని ఒకేచోట పరీక్షించినప్పుడు, కొన్ని 3 శాతం దాకా ఆదా చేస్తే, కొన్ని మామూలు రేసింగ్ షూకి ఏమాత్రం మెరుగు కాలేదు. కాబట్టి పెట్టె మీద కార్బన్ అని ఉందా అని చూడకండి, ఏ ఫోమ్ అని అడగండి.

ఇప్పుడు మీ వేగం సంగతి. 2 గంటల 5 నిమిషాలంటే గంటకు 10 కిలోమీటర్ల పైచిలుకు. పై పరీక్షలన్నీ 14 నుంచి 18 కిలోమీటర్ల వేగంలో చేసినవి. మనలాంటి వేగాల్లో ఏమవుతుందో డస్టిన్ జూబర్ట్ బృందం 2023లో చూసింది. గంటకు 12 కిలోమీటర్ల దగ్గర సగటు ఆదా 1.4 శాతం, 10 కిలోమీటర్ల దగ్గర 0.9 శాతం. నెమ్మదిగా పోయేటప్పుడు ఫోమ్ మీద పడే దెబ్బ తక్కువ, అందుకే అది తిరిగి ఇచ్చేదీ తక్కువే. మీ ప్రస్తుత పేస్ కిలోమీటరుకు 5 నిమిషాల 55 సెకన్లు. అందులో 1 శాతం అంటే 3, 4 సెకన్లు. 21 కిలోమీటర్లకి ఒక నిమిషం పైచిలుకు. మీకు 2 గంటల లోపు రావాలంటే కిలోమీటరుకు 14 సెకన్లు తగ్గాలి. మిగతా 10 సెకన్లు మీ కాళ్ల నుంచే రావాలి.

ఇవి సగటులని మర్చిపోకండి. 4 శాతం అన్న బౌల్డర్ పరీక్షలో కూడా ఒకరికి 2 శాతం లోపు వస్తే మరొకరికి 6 శాతం దాటింది. ఇంకా విస్తుపోయే ఫలితం 2023లో వచ్చింది. ప్రపంచ స్థాయి కెన్యా రన్నర్లు ఏడుగురిని సూపర్ షూలతో, పల్చటి పాత రకం రేసింగ్ షూతో పరీక్షించారు. ఒకరికి 11 శాతం లాభం కనిపిస్తే మరొకరికి 11 శాతం నష్టం కనిపించింది. యూరప్‌కి చెందిన అమెచ్యూర్ రన్నర్లలో కూడా దాదాపు 10 శాతం లాభం నుంచి 1 శాతం నష్టం దాకా తేడాలు వచ్చాయి. అంత పెద్ద అంకెల్లో కొలత పొరపాట్లు, ఆ రోజు శరీరం ఉన్న తీరు కూడా కలిసి ఉంటాయని నా అభిప్రాయం. అయినా మీ మిత్రుడికి పనికొచ్చిన షూ మీకు పనికిరాకపోవచ్చు అన్న మాట మాత్రం నిలబడుతుంది. నేను చూసిన రన్నర్లలో కూడా ఒకరు వేసుకోగానే ఎగిరినట్టు పోతే, ఇంకొకరు ఇసుకలో నడిచినట్టుందని విప్పేశారు.

రికార్డుల మాటేమిటి అని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. సూపర్ షూలు రాకముందు మారథాన్‌లో డెనిస్ కిమెట్టో 2014లో బెర్లిన్‌లో 2 గంటల 2 నిమిషాల 57 సెకన్లు చేశాడు. 2018లో అదే బెర్లిన్‌లో కిప్చోగే దాన్ని 2:01:39కి, 2022లో 2:01:09కి తెచ్చాడు. 2023లో షికాగోలో కెల్విన్ కిప్టమ్ 2:00:35 చేశాడు. మహిళల్లో పౌలా రాడ్‌క్లిఫ్ 2003లో లండన్‌లో చేసిన 2:15:25ని 16 ఏళ్ల పాటు ఎవరూ అందుకోలేదు. 2019లో బ్రిజిడ్ కోస్గే 2:14:04 చేసింది. 2023లో టిగిస్ట్ అసెఫా ఒక్కోటి 138 గ్రాములే ఉన్న అడిడాస్ షూలతో 2:11:53కి దించింది. ఉన్నత స్థాయి రేసుల ఫలితాలన్నీ కలిపి చూసినవాళ్లు కూడా షూలు వచ్చాక మహిళల టైమింగ్‌లు సుమారు 2 శాతం, పురుషులవి 1 శాతం అటూ ఇటూ మెరుగయ్యాయని చూపించారు. పురుషుల కంటే మహిళలకి ఎక్కువ కలిసొచ్చిందన్నది దాదాపు అన్ని విశ్లేషణల్లోనూ కనిపించే విషయం.

అయితే ఈ మెరుగుదల అంతా షూ ఖాతాలో వేయడానికి నా మనసు ఒప్పుకోదు. 2019 అక్టోబరులో వియన్నాలో కిప్చోగే 1:59:40 చేసినప్పుడు కాళ్లకి సూపర్ షూలు ఉన్న మాట నిజమే. కానీ ముందూ వెనకా మార్చుకుంటూ గాలి కాచిన 41 మంది పేసర్లు ఉన్నారు, రోడ్డు మీద లేజర్ గీత వేసే కారు ఉంది, చదునైన దారి ఉంది. అందుకే దాన్ని అధికారిక రికార్డుగా గుర్తించలేదు. ఈ ఏళ్లలోనే రేసులో తాగే కార్బోహైడ్రేట్ డ్రింకులు మెరుగయ్యాయి, ట్రాక్ మీద పేస్ చూపించే లైట్లు వచ్చాయి. డోపింగ్ ఉండనే ఉంది. 2024లో షికాగోలో 2:09:56తో మహిళల మారథాన్ ప్రపంచ రికార్డు చేసిన రూత్ చెప్‌న్‌గెటిచ్ మీద మరుసటి ఏడాది డోపింగ్ కేసులో మూడేళ్ల నిషేధం పడింది. డోపింగ్ పరీక్షలో దొరికిపోయిన నమూనా ఆ రికార్డు తర్వాత తీసుకున్నది కాబట్టి రికార్డు చెరగలేదు. కానీ ఒక టైమింగ్ చూసి ఇందులో షూ వాటా ఇంత అని చెప్పడం ఎంత కష్టమో దీన్ని బట్టి తెలుస్తుంది.

మన దేశం వైపు చూడండి. శివ్‌నాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ పూర్తి చేశాడు. ఆ రోజుల షూలు, ఆ రోజుల రోడ్లు. వేపర్‌ఫ్లై దుకాణాల్లోకి వచ్చి ఏళ్లు గడిచినా, మన మేటి రన్నర్లందరి కాళ్లకీ ఆ రకం షూలు వచ్చినా ఆ రికార్డు చాలాకాలం కదల్లేదు. మరోవైపు ట్రాక్ మీద 10,000 మీటర్లలో సురేంద్ర సింగ్ 2008లో చేసిన 28:02.89ని గుల్వీర్ సింగ్ 2024లో బద్దలు కొట్టాడు, 2025 మార్చికల్లా 27 నిమిషాల 0.22 సెకన్లకి తెచ్చాడు. కొత్త రకం స్పైకుల, అంటే కింద మేకులుండే ట్రాక్ షూల, సాయం అందులో ఉంటుంది. కానీ అమెరికాలో ఎత్తైన ప్రాంతంలో ట్రైనింగ్, తనకంటే వేగమైన వాళ్లతో విదేశీ రేసులు లేకుండా ఒక నిమిషం పైగా తగ్గేదా? షూ అందరికీ దొరికింది, ఆ ట్రైనింగ్ అందరికీ దొరకలేదు. ఇంకా వెనక్కి వెళ్తే, అబెబె బికిలా 1960లో రోమ్‌లో ఉత్త కాళ్లతో 2:15:16 చేసి ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. ఈ రోజు మన దేశంలో సూపర్ షూ వేసుకున్నవాళ్లలో ఎంతమంది ఆ టైమింగ్ దరిదాపులకి రాగలరో ఆలోచించండి.

ఇక షూ ఎత్తు సంగతి. 2020 జనవరిలో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ రోడ్ రేసులకి సోల్ మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని, లోపల ఒక్క ప్లేట్‌కి మించి ఉండకూడదని నియమం పెట్టింది. 2021లో వియన్నా మారథాన్‌లో ముందుగా గీత దాటిన డెరారా హురిసా షూ సోల్ 50 మిల్లీమీటర్లు ఉందని తేలడంతో గెలుపు చేజారింది. మీ టైమింగ్‌కి ఎవరూ వచ్చి స్కేలు పెట్టి కొలవరు, దాని గురించి టెన్షన్ పడకండి. కానీ 40 మిల్లీమీటర్ల మెత్తటి ఫోమ్ మీద నిలబడటం అంటే చీలమండకి పరీక్షేనని మాత్రం గుర్తుంచుకోండి.

ఇక్కడ నాకు నిజమైన ఆందోళన ఉంది. 2023లో కొందరు స్పోర్ట్స్ వైద్యులు, కార్బన్ ప్లేట్ షూలు వాడిన రన్నర్లలో పాదం మధ్యలో ఉండే నావిక్యులర్ అనే ఎముకకి ఒత్తిడి వల్ల వచ్చిన గాయాలు అయిదు వివరించారు. అయిదు కేసులతో షూయే కారణమని తేల్చలేం, వాళ్లూ అలా అనలేదు. కానీ ఆ ఎముక గాయం అంత తేలిగ్గా మానేది కాదు, నెలల తరబడి పరుగు ఆగిపోతుంది. ఈ షూ వేసుకుంటే కాలిలోని భాగాలు పని పంచుకునే తీరు మారుతుంది. చీలమండ, పిక్కలు చేసే పనిలో కొంత తగ్గితే, ఆ బరువు ఇంకోచోటికి పోతుంది. శరీరానికి అలవాటు పడే టైమివ్వకుండా కొన్న మర్నాడే లాంగ్ రన్‌కి వేసుకుని వెళ్లేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. మడమ లోపలికి ఒరిగిపోయే అలవాటున్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. మీరు ఇప్పుడు వాడుతున్న పాత షూని బల్ల మీద పెట్టి వెనక నుంచి, కంటికి సమానమైన ఎత్తులో చూడండి. మడమ కప్పు నిటారుగా ఉందా, లోపలి వైపుకి వాలిందా? లోపలి అంచున ఫోమ్ మీద అడ్డంగా ముడతలు పడి, బయటి అంచు నున్నగా ఉంటే మీ పాదం బాగా ఒరుగుతోందన్నమాట. అలాంటి పాదం కింద ఎత్తైన మెత్తటి సోల్ పెడితే ఆ ఒరగడం ఇంకా పెరగొచ్చు.

మన్నిక సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దుకాణంలో ఎవరూ చెప్పరు. పెబా ఫోమ్ కొత్తలో ఈవీఏ కంటే మెరుగ్గా ఉన్నా, 450 కిలోమీటర్లు వాడాక ఆ మెరుగు పోయి రెండూ సమానమయ్యాయని స్పెయిన్ పరిశోధకులు చూపించారు. ఈవీఏ షూ మాత్రం కొత్తలో ఎలా ఉందో అప్పటికీ దాదాపు అలాగే ఉంది. రోజూ ఆఫీసుకి ముందు వేసుకునే పరుగులకి ఈ షూ వాడితే మీ రేసు రోజుకి మీరు 20 వేలు పెట్టి కొన్నది మిగలదు. కొంటే రేసులకి, దానికి ముందు రెండు మూడు వేగమైన పరుగులకి మాత్రమే వాడండి.

హైదరాబాద్ దారికి సంబంధించి రెండు మాటలు. ఇది ఎత్తుపల్లాల రేసు, ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాం. వేపర్‌ఫ్లైని చదునైన ట్రెడ్‌మిల్ మీద, 3 డిగ్రీల వాలు మీద పోల్చి చూసిన పరీక్షలో చదునులో ఆదా 3.8 శాతం ఉంటే ఎక్కుడులో, దిగుడులో 2.8 శాతం చుట్టూ వచ్చింది. అంటే మన దారిలో లాభం ఇంకాస్త తగ్గుతుంది. పైగా ఆగస్టులో తెల్లవారుజామున వాన పడి రోడ్డు తడిగా ఉండే అవకాశం ఎక్కువ. బరువు తగ్గించడానికి ఈ షూల కింద రబ్బరు పల్చగా వేస్తారు. ఫ్లైఓవర్ల మీద ఇనుప జాయింట్లు తడిగా ఉన్నప్పుడు, మలుపుల దగ్గర తెల్ల పెయింట్ గీతల మీద కొన్ని మోడళ్లు జారతాయి. కొనేముందు సోల్ తిప్పి రబ్బరు ఎంతమేర ఉందో చూసుకోండి.

మీకు పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. గ్రూపులో మీ సైజు ఉన్నవాళ్ల దగ్గర ఒక్క పూట అడిగి తీసుకోండి. ఎండ రాకముందే గచ్చిబౌలి ట్రాక్ మీదో, నెక్లెస్ రోడ్డు మీద చదునైన చోటో మొదలుపెట్టండి. ఛాతీకి కట్టుకునే హార్ట్ రేట్ బెల్టు ఉండాలి, చేతి వాచీ సెన్సర్ ఈ పనికి చాలదు. 15 నిమిషాలు వార్మప్ చేసి, కిలోమీటరుకు 5:41 పేస్‌లో, అంటే మీ 2 గంటల పేస్‌లో, ఆరేసి నిమిషాల పరుగులు నాలుగు చేయండి. మొదటిది మీ షూతో, రెండోది, మూడోది ఆ షూతో, నాలుగోది మళ్లీ మీ షూతో. మధ్యలో నాలుగేసి నిమిషాలు నడవండి. ఈ వరస ఎందుకంటే, టైమ్ గడిచే కొద్దీ వేడికి, అలసటకి గుండె వేగం దానంతట అదే పెరుగుతుంది. ఇలా చేస్తే ఆ పెరుగుదల రెండు షూలకీ సమానంగా పంచినట్టవుతుంది. ప్రతి పరుగులో చివరి రెండు నిమిషాల సగటు హార్ట్ రేట్ రాసుకోండి. వేరే రోజు వరస తిరగేసి మళ్లీ చేయండి. రెండు రోజులూ కొత్త షూలో 3, 4 బీట్లు తక్కువగా కనిపిస్తే మీ కాలికి అది పడుతోందని అర్థం. ఒక బీటు తేడాని పట్టించుకోకండి, అది నిద్ర తక్కువైనా వస్తుంది. వాచీలో పేస్ మాత్రం నిజాయతీగా పట్టి ఉంచాలి. కొత్త షూ వేసుకున్న ఉత్సాహంలో తెలియకుండానే వేగం పెంచేస్తాం.

కొనకుండానే కొంత లాభం పొందే దారీ ఉంది. ఒక్కో షూకి 100 గ్రాముల బరువు పెరిగితే శక్తి ఖర్చు సుమారు 1 శాతం పెరుగుతుందని చాలాకాలంగా తెలిసిందే. మీ రోజువారీ షూ 300 గ్రాముల దగ్గర ఉంటే, 200 గ్రాముల చుట్టూ ఉన్న తేలికపాటి షూకి మారినా మీ వేగంలో సూపర్ షూ ఇచ్చేంత లాభం దాదాపు వచ్చేస్తుంది. ఇప్పుడు ప్లేట్ లేకుండా, మంచి ఫోమ్‌తో, కాస్త వెడల్పైన అడుగుతో వస్తున్న షూలు చాలానే ఉన్నాయి. ధర సగానికి అటూ ఇటూ ఉంటుంది, పాదానికి నిలకడ ఉంటుంది, ట్రైనింగ్‌కి కూడా వాడుకోవచ్చు. మీరు నా గ్రూపులో ఉంటే ఇదే కొనమని చెప్పేవాణ్ని.

మిగతా 10 సెకన్ల సంగతి. మీరు వారానికి మూడు రోజులు, అన్నీ ఒకే పేస్‌లో పరుగెత్తుతున్నానని రాశారు. నా దృష్టిలో మీ 5 నిమిషాలు దాక్కున్నది అక్కడే. ఇంకో రోజు కలపండి. మూడు పరుగులు మాట్లాడుతూ పోగలిగేంత నిదానంగా ఉండాలి, అందులో ఒకటి లాంగ్ రన్. నాలుగోది టెంపో, అంటే కాస్త కష్టమైన వేగాన్ని ఆగకుండా పట్టి ఉంచే పరుగు: ఇప్పుడు 20 నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా 40 నిమిషాల దాకా, 5:35 నుంచి 5:40 మధ్య. రెండు వారాలకోసారి టెంపో బదులు ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కుడు మీద రిపీట్లు, అంటే అదే ఎక్కుడుని మళ్లీ మళ్లీ పరుగెత్తడం. రేసు రోజు మొదటి 5 కిలోమీటర్లు 5:50 దగ్గరే పట్టి ఉంచండి. ఆగస్టు ఉక్కపోతలో మొదట తొందరపడ్డవాళ్లు చివర్లో నడవడం నేను ఏటా చూస్తున్నాను, వాళ్ల కాళ్లకి ఏ షూ ఉన్నా సరే.

ఒకవేళ కొనాలనే నిర్ణయించుకుంటే జూన్‌లోనే కొనండి. మొదట రెండు మూడు కిలోమీటర్లు, తర్వాత ఒక టెంపోకి, ఆ తర్వాత లాంగ్ రన్ చివరి 5 కిలోమీటర్లకి వేసుకోండి. పాదం పైభాగంలో, వేలు పెట్టి చూపించగలిగేంత ఒక్కచోట నొప్పి మొదలైతే ఆ రోజే షూ విప్పేసి డాక్టర్‌కి చూపించండి, రేసు దగ్గరపడిందని సాగదీయకండి. పైన చెప్పిన టెస్ట్ చేస్తే నాలుగు పరుగుల హార్ట్ రేట్, ఆ రోజు ఉష్ణోగ్రత, షూ మోడల్ ఇక్కడే రాయండి. చూసి చెప్తాను.